మా బావ చెయ్యి పట్టుకున్నది నేను కాదు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే కూర్చున్న చోటి నుంచి లేచిపోయే రకం నేను. మా నాయన కడప వైపు ఒక ఆస్పత్రిలో డ్రెస్సరు. గాయాలు కడిగి కట్లు కట్టడం ఆయన పని. "ఇన్నేండ్లలో నా చేతుల్లో ఎంతమంది పోయినారో లెక్కలేదు. ఒక్కరన్నా తిరిగొచ్చి కట్టు మార్చమని అడగలా" అనేవాడు. ఆ మాటలు వింటూ పెరిగాను. మా వీధిలో ఎవరికైనా పూనకం వస్తే అందరూ దండం పెట్టేవాళ్ళు, నేను మాత్రం పోయి పొయ్యి ఎగదోసుకునేదాన్ని.

ఇప్పుడు ఇది రాస్తున్నది భయం పుట్టి కాదు. కోపంతో. నేను చేయని పని ఒకటి నేనే చేశానని మా ఇంట్లో అందరూ ఈనాటికీ అంటున్నారు. ఆ పని మంచిదే. అదే నా బాధ.

నన్ను ఇచ్చింది కర్నూలు జిల్లా పడమటి దిక్కున ఒక నేత ఊరికి. ఇంటి నడవలో రెండు గుంత మగ్గాలు, కాళ్ళు గుంతలోకి దించి కూర్చుని నేసేవి. ఒకటి మా ఆయనది, ఇంకొకటి ఆయన అన్నది. మొగుడి పేరు చెప్పే అలవాటు మాకు లేదు కానీ చదివేవాళ్ళకు తెలియాలి కదా, మా ఆయన పేరు ఈరన్న. ఆయన అన్న, అంటే మా బావ, నాగప్ప. బావ భార్య శంకరమ్మక్క నాకు తోడికోడలు. మూల కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది మా అత్త గంగమ్మ.

అత్త మంచిది. ఊరికే అనడం కాదు. నాకు అక్షరాలు వచ్చని వీధి వీధంతా చెప్పుకుని మురిసేది. మా నాయన ఆస్పత్రి ముచ్చట్లు నా చేత చెప్పించుకుని వినేది. మెడలో, కడుపులో ఏదైనా గుచ్చుకుంటే దాన్ని పెరకకూడదని, లోపల తెగిన నెత్తురు నరానికి అదే బిరడా అని, గుచ్చుకున్నది గుచ్చుకున్నట్టే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని మా నాయన చెప్పేవాడు. ఆ ముచ్చట అత్తకు నేనే చెప్పాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

ఇక మా బావ సంగతి. ఆ ఇంటి కట్టుబాటు ఏమిటంటే, తమ్ముడి భార్య బావ ముందుకు రాకూడదు. ఎదురుపడితే తలుపు వారకు తప్పుకోవాలి. నేరుగా మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే శంకరమ్మక్కకు చెబితే ఆమె చెబుతుంది. ఇక బావను తాకడమన్న మాటే లేదు. అన్నం పెట్టినా కంచం కింద పెట్టి జరిగిపోవాలి.

మాకు అమావాస్య నాడు మగ్గం ఆడదు. ఆ పొద్దు పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, మగ్గం ముందు వరసగా పేర్చి పూజ చేస్తారు. పోగును అటూ ఇటూ మోసే నాడె, దువ్వెన, రాట్నం కదురు, అన్నీ ఉండాలి. పూజ అయ్యేదాకా పనిముట్టు ఒక్కటి కూడా గడప దాటకూడదు. దాటితే మగ్గం ఆ ఇంట్లో నిలవదంటారు.

ఆ అమావాస్య పొద్దున్నే అత్త కమ్మరి దగ్గరికి పోయింది. వంగిపోయిన కదురును ముందురోజే సరిచేయడానికి ఇచ్చింది, పూజకు ముందే తెచ్చుకోవాలని. కదురంటే కండె తొడిగే ఇనుప పుల్ల. జానెడు ఉంటుంది, మొన సూది మొనే. ఆమె వచ్చేసరికి నేను నడవ అలికి ఉన్నాను. నేల ఇంకా తడి. మగ్గం గుంత అంచున కాలు జారి అత్త గుంతలోకి పడింది. చేతిలో ఉన్న కదురు మెడలోకి, ఎడమ పక్క దవడ కింద, సగం దిగింది.

నెత్తురు నాలుగు చుక్కలు వచ్చిందంతే. మేం ఎత్తి గుంత గట్టు మీద కూర్చోబెట్టాం. ఆమె మాట్లాడింది కూడా. "నొప్పి అంత ల్యాదు. తీయొద్దు రా నాగప్పా, ఇట్లే ఆస్పత్రికి పోదాం" అంది.

బావ ఒప్పుకోలేదు. "పూజ కాకుండా ఇనుము గడప ఎట్ల దాటిస్తామ్మా? తీసి ఈడ పెట్టి పోదాం. ఎంతసేపు?" అన్నాడు.

అప్పుడు అత్త నా వైపు తిరిగింది. మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పింది. "పార్వతీ, మీ నాయన ఏం చెప్పేవాడో వాడికి చెప్పమ్మా" అంది.

నేను తలుపు వారగా నిలబడి ఉన్నాను. చెయ్యి చాస్తే బావ చెయ్యి అందుతుంది. అంత దగ్గర. నేనేం చేశానో తెలుసా? శంకరమ్మక్క చెవిలో, "తీయొద్దని చెప్పక్కా" అన్నాను. గొంతు కూడా పెంచలేదు. ఆమె వాళ్ళాయన ముఖం చూసి గమ్మున ఉండిపోయింది. బావ గుప్పిట కదురు చుట్టూ బిగిసింది. నా చెయ్యి లేచింది. నా కొంగు దాకా లేచి, కొంగు పట్టుకుని ఆగిపోయింది.

ఆయన పెరికాడు.

నెత్తురు మగ్గం మీది పడుగు పోగుల దాకా చిమ్మింది. అప్పుడు, అంతా అయిపోయాక, నాకు కట్టుబాటు గుర్తు రాలేదు. ఒక్క దూకున పోయి కొంగు కుక్కి అదిమాను. కొంగంతా తడిసింది, చీర తడిసింది, నా మోచేతులు తడిశాయి. మా ఆయన పూలు తేవడానికి తోటకు పోయి ఉన్నాడు. ఆయన వచ్చేసరికి అత్త లేదు. బావ ఆ కదురును కడిగి, కుంకుమ పెట్టి మగ్గం ముందు పెట్టి ఉన్నాడు. ఆ పొద్దు నాకు వచ్చిన కోపం ఇంతవరకు దిగలేదు.

ఆ పొద్దు నేను కట్టుకున్న చీర గురించి చెప్పాలి. నీలం చీర, ఎర్ర కొంగు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నా కోసం నేసింది. కొంగు నేస్తూ నీళ్ళకు లేచి, తిరిగొచ్చి పరధ్యానంగా వేరే రంగు నాడె విసిరాడు. ఎర్ర కొంగులో ఒకే ఒక్క పసుపు పోగు పడిపోయింది. విప్పుతానన్నాడు, ఉండనీలే అని నేనే అన్నాను. ఇంకెవరికీ కనబడదు, మా ఇద్దరికీ తెలుసు. అత్త నెత్తురు పడ్డ చీర ఉతకకూడదు, నెత్తురు ఆమెతోనే పోవాలన్నారు. ఆ చీరను నా చేతులతో నేనే మడిచి ఇచ్చాను. నా కళ్ళ ముందే ఆమెను పూడ్చిన గుంతలో కాళ్ళ దగ్గర పెట్టి మన్ను పోశారు.

ఆ తర్వాత ఏడాది తిరిగింది. కర్నూలు రాజధాని అయి, అక్కడ ఆఫీసులన్నీ గుడారాల్లో నడుస్తున్నాయని జనం వింతగా చెప్పుకునే రోజులు.

ఆ పొద్దు అమావాస్య కాదు, మామూలు రోజు. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెడుతున్నారు. పడుగు రెండు కొసలా వెదురు గూటాలు నాటి, మోకులతో లాగి కడతారు. ఒక కొసన మా ఆయన, ఒక కొసన బావ. మా ఆయన వెనక్కి ఒరిగి బలంగా లాగుతుండగా మోకు తెగింది. ఆయన వెనక్కి పోయి వెదురు గూటం మీద పడ్డాడు. ఎండకు చీలి ఉన్న గూటం అది. చీలిక ఒకటి విరిగి మెడలో దిగబడింది. ఎడమ పక్కే, దవడ కిందే.

నేను గంజి కుండ అక్కడే వదిలి ఆస్పత్రికి పరుగెత్తాను. ఆస్పత్రి అంటే ఒక గది, ఒక కాంపౌండరు. మా ఇంటికి అర మైలు ఉంటుంది. ఇంకా తెరవలేదు. కాంపౌండరు వరండాలో సైకిలు తుడుచుకుంటున్నాడు. సంగతి చెప్పాను. ఆయన లోపలికి పోయి గుడ్డలు, సీసాలు సంచిలో వేసుకుంటుంటే నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

అప్పుడు తట్టింది. వచ్చేటప్పుడు పెరకొద్దని ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ చెప్పలేదు. ఏడాది పొడుగునా రోజూ తలచుకుని కుమిలినదాన్ని, సమయానికి మళ్ళీ నోరు మూసుకుని వచ్చాను. అక్కడ ఉన్నది మా బావ. ఆయన చేతులు నాకు తెలుసు.

పత్తి మిల్లు ఎనిమిది గంటల కూత వేసింది అప్పుడే. ఆ కూత నేను విన్నాను. కాంపౌండరూ విన్నాడు. తర్వాత కొంతసేపు నాకు ఏమీ తెలియదు. కిటికీ కమ్మీని రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయానట. పిలిస్తే పలకలేదట. కాంపౌండరు నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. "ఏమ్మా, కమ్మీ ఊడబెరుకుతావా?" అన్నాడని తర్వాత చెప్పాడు.

మేం ఇల్లు చేరేసరికి మా ఆయన అరుగు మీద పడుకుని ఉన్నాడు. వెదురు ముక్క మెడలోనే ఉంది. ఎవరూ తాకలేదు. బావ దూరంగా గోడకు ఆనుకుని కుడి చేతి మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. శంకరమ్మక్క నన్ను పైనుంచి కిందికి చూసి, "అంతలోనే చీర మార్చుకుంటివా?" అంది. ఆ మాటకు అర్థమేమిటని ఆలోచించే తీరిక నాకు లేదు.

కాంపౌండరు ముక్క కదలకుండా చుట్టూ గుడ్డలు ఒత్తి కట్టాడు. ఖాసీం సాబు జట్కాలో బస్సు దాకా, బస్సులో కర్నూలు పెద్దాస్పత్రి దాకా పోయాం. దారి పొడుగునా తల నా ఒళ్ళో పెట్టుకుని కదలనివ్వలేదు. బస్సు గుంతలో పడినప్పుడల్లా డ్రైవరును తిట్టాను.

అక్కడ డాక్టరు నెమ్మదస్తుడు. ముక్కను ముందు తాకలేదట. మెడ తెరిచి, పెద్ద రక్తనాళాన్ని పైనా కిందా దారంతో పట్టుకుని, అప్పుడు ముక్క తీసి నాళం కట్టేశాడు. తర్వాత పళ్ళెంలో ఆ వెదురు పుల్ల నాకు చూపించాడు. నా చూపుడు వేలంత ఉంది. "ఇదే అడ్డం ఉండి కాపాడింది. ఇంటి దగ్గర లాగి ఉంటే గడప కూడా దాటేవాడు కాదు" అన్నాడు. ఇంకో మాట కూడా అడిగాడు. "చొక్కా భుజమంతా నెత్తురుతో తడిసి ఉంది. ఆయన ఒంట్లోంచి పోయింది గుప్పెడు కూడా లేదు. ఈ నెత్తురు ఎవరిది?"

నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు.

మా ఆయన బతికాడు. గొంతు మాత్రం బొంగురుపోయి, అట్లాగే ఉండిపోయింది. మాట్లాడడానికి పది రోజులు పట్టింది. మొదట అడిగిన మాట ఇది. "ఆ చీర అమ్మతోపాటు పోలేదా? యాడ దాచిపెట్టినావు?"

ఏ చీర అన్నాను. నిదానంగా, ఆగి ఆగి చెప్పాడు. నేను పరుగెత్తి పోయాక ఈయనను ఎత్తి అరుగు మీద పడుకోబెట్టారట, బావ వచ్చి మెడ దగ్గర కూర్చున్నాడట. "అమ్మప్పుడు ఆలస్యం చేసినాం, దానికే పాయె. ఈసారి బిన్నా తీస్తా" అన్నాడట. అదీ ఆయన నేర్చుకున్న పాఠం. వెదురు చుట్టూ గుప్పిట బిగించాడు. మిల్లు కూత వేసింది. అప్పుడు నేను లోపలి తలుపు వారగా వచ్చి బావ మణికట్టు పట్టుకున్నానట. బావ ఎంత గుంజినా వదల్లేదట. కొంగు వచ్చి ఈయన ముఖం మీద, భుజం మీద పడిందట.

"పసుపు పోగు నా కంటి ముందరే ఉండాది. నేను నేసింది నాకు తెలీదా? కొంగు తడిగా ఉండాది. ఎందుకు తడిగా ఉండాదని అనుకున్నా."

దయ్యాన్ని నమ్మనిదాన్ని, ఆ ఆస్పత్రి మంచం కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయాను.

ఇంటికి వచ్చాక నా పని పట్టారు. బావ చెయ్యి పట్టుకున్నానని. బావ మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు, ఒక బొటనవేలి గుర్తు అప్పటికీ కమిలి నల్లగానే ఉన్నాయి. నేను అక్కడ లేనన్నాను. కాంపౌండరు వచ్చి, మిల్లు కూత వేసినప్పుడు ఈమె నా కిటికీ పట్టుకుని ఉందని చెప్పాడు. ఆయన మాట ఎవరికి కావాలి? శంకరమ్మక్క చూసింది, బావ చూశాడు, పక్కింటివాళ్ళు చూశారు. నీలం చీర, ఎర్ర కొంగు. నేనే.

తమ్ముడు బతికాడన్న సంతోషం పక్కకు పోయింది. మరదలు తాకిందన్నదే పెద్దదయింది. పెద్దమనుషులు కూర్చుని బావ కాళ్ళు పట్టుకుని తప్పయిందని చెప్పమన్నారు. చెయ్యి పట్టుకుంటే తప్పంట, కాళ్ళు పట్టుకుంటే ఒప్పంట. మా ఆయన అప్పటికి లేచి నిలబడే స్థితిలో లేడు. నేను పట్టుకున్నాను. చేయని పనికి కాళ్ళు పట్టుకున్నాను. చేయాల్సిన పని ఏడాది కిందట చేయనందుకు మాత్రం నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. బావను అసలే అనలేదు.

అత్తను పూడ్చిన గుంత తవ్వి చీర ఉందో లేదో చూద్దామని అడిగాను. పిచ్చి పట్టిందన్నారు. వీధిలో కొందరు, గంగమ్మే కోడలి రూపంలో వచ్చి కొడుకును కాపాడుకుందన్నారు. దీపం పెట్టమన్నారు. అత్త అయితే నేను సంతోషంగా పెట్టేదాన్ని. కానీ అత్త ఎందుకు ఆ చీర కడుతుంది? అత్త ఎందుకు తలుపు వారగా నిలబడుతుంది? ఆ తలుపు వార నిలబడింది నేను. ఆ చీరలో తడిసింది నేను.

చాలా ఏండ్ల తర్వాత, బావ మంచం పట్టినప్పుడు నన్ను పిలిపించాడు. నేను తలుపు వారన నిలబడ్డాను, అలవాటు. జన్మలో మొదటిసారి నా పేరు పెట్టి మాట్లాడాడు. "పార్వతీ, మాయమ్మప్పుడు గూడా అట్ల పట్టుకొని ఉంటే నేను పెరికేవాన్ని గాదు గదమ్మా" అన్నాడు.

పెరికింది ఆయన. చచ్చేముందు దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను. ఆ ముసలి మణికట్టును ఇంకో చేత్తో రుద్దుకుంటున్నాడు, ఇంకా నొప్పి ఉన్నట్టు. తిట్టకుండానే వచ్చేశాను. ఆయన అన్నది అబద్ధం కాదు.

మా ఆయన ఇప్పటికీ బొంగురు గొంతుతో, నేనే కాపాడానని వచ్చినవాళ్ళకు చెబుతాడు. కాదని చెప్పడం మానేశాను. మా నాయన ఉండి ఉంటే ఆ చొక్కా మీది నెత్తురు గురించి అడిగేదాన్ని.

ఆ తలుపు వార నేను రోజూ చూస్తాను. ఆ చీర కట్టుకుని వచ్చిన ఆమె మళ్ళీ రాలేదు. వస్తే దండం పెట్టను. భయపడను కూడా. అర మైలు దూరంలో నేనుండగా వచ్చి పట్టుకున్నదానివి, ఆ అమావాస్య పొద్దున చెయ్యి చాస్తే అందే దూరంలో ఎందుకే నిలబడిపోయినావు అని అడుగుతాను.